పూసిన ట్రిల్లియం ఆగస్టుకల్లా మాయమైంది, చచ్చిపోయిందా?

కెనడాలోని ఒంటారియోలో మీరు ఓక్ చెట్ల నీడన నాటిన తెల్ల ట్రిల్లియం అనే అడవి పూలమొక్క మే నెలలో పూసి, ఇప్పుడు ఆనవాలు లేకుండా పోయిందన్నారు. టెన్షన్ పడకండి, తవ్వి చూడకండి. దాని పద్ధతే అంత. పైన చెట్లు చిగురించకముందు నేలకి దిగే ఎండతో ఏడాది తిండి దుంపలో దాచుకుంటుంది. ఎండలు ముదిరాక ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. అక్కడ వేరేది నాటకుండా గుర్తుగా పుల్ల పాతండి.

కాడకి మూడే ఆకులు, వాటి పైన ఒకే పువ్వు. పువ్వు కోయబోతే ఆకులూ వచ్చేస్తాయి, ఆ ఏడాదికి మళ్లీ రావు. దుంప బాగా దెబ్బతింటుంది. రాలిన ఓక్ ఆకులు ఊడ్చేయకండి, కుళ్లిన ఆకుల మట్టే దీనికి అసలైన ఎరువు. నీళ్లు నిలవకూడదు.

గింజలతోనా? చాలా ఓపిక కావాలి. మొదటి చలికాలం దాటాక వేరు, రెండోది దాటాక ఆకు, పువ్వుకి ఏడేళ్లో ఇంకా ఎక్కువో. అడవిలో గింజలు నాటేది ఎక్కువగా చీమలే: గింజకి అంటుకున్న కొవ్వు ముక్క కోసం పుట్టకి మోసుకెళ్తాయి. పూయడానికి ఇన్నేళ్లు పడుతుంది కాబట్టే నర్సరీలో మొక్క ఖరీదు ఎక్కువ. మరీ చవగ్గా దొరికితే అడవిలోంచి పీకి తెచ్చిందేమో అడగండి. జింకలు తిరిగే చోటైతే కంచె తప్పదు.