నాటకం నేర్పడం, నడిపించడం, కథ చెప్పడం: ఏ దారిలో వెళ్లాలి?

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఇలా అడిగారు: "కళాశాలలో రెండు నాటికలకు దర్శకత్వం వహించాను. వీలున్నప్పుడల్లా పిల్లలకు కథలు చెబుతుంటాను. రంగస్థల విద్య, దర్శకత్వం, కథాకథనం, వీటిలో దేన్ని వృత్తిగా ఎంచుకోవాలి? ఈ పనులతో జీవితం గడుస్తుందా అని అమ్మానాన్నలు ఆందోళన పడుతున్నారు."

మీరు చెప్పిన మూడు పనులకూ పునాది ఒకటే అయినా, గమ్యాలు వేరు. దర్శకురాలి శ్రమంతా నిర్ణీత తేదీన ప్రేక్షకుల ముందు నిలబడవలసిన ప్రదర్శన కోసం. నాటక ఉపాధ్యాయురాలికి ప్రదర్శన ఒక మజిలీ మాత్రమే. అక్కడికి చేరేలోగా విద్యార్థిలో ఏ మార్పు వచ్చిందన్నదే ఆమెకు ముఖ్యం. సంభాషణ చెప్పలేక తడబడుతున్న పిల్లవాడికి దర్శకురాలు మాటలు తగ్గించవచ్చు, ఉపాధ్యాయురాలు మాత్రం అతనికి మరింత సమయం ఇస్తుంది. ఇలాంటి సందర్భంలో మీ మనసు ఎటు మొగ్గుతుందో నిజాయితీగా గమనించండి. నా దృష్టిలో ఏ అభిరుచి పరీక్ష కన్నా ఇదే నమ్మదగినది.

రంగస్థల విద్యను పాఠశాల వార్షికోత్సవానికి నాటిక తయారుచేయించే పనిగా చాలామంది భావిస్తారు, కాని దాని పరిధి అంతకన్నా ఎంతో పెద్దది. 1965లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో బెల్‌గ్రేడ్ థియేటర్ నటులనూ ఉపాధ్యాయులనూ ఒక జట్టుగా చేసి పాఠశాలలకు పంపడంతో 'థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్' ఒక ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకుంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో ఇదే ఉద్దేశంతో ఒక విభాగాన్ని ప్రారంభించింది. ఈ రంగంలోకి రాదలచినవారు ముగ్గురి పద్ధతులను తప్పక అభ్యసించాలి. అమెరికాకు చెందిన వయోలా స్పోలిన్ ఆటల ద్వారా నటన నేర్పే మార్గాన్ని చూపారు. ఇంగ్లండ్‌కు చెందిన డొరొతీ హీత్‌కోట్ ఉపాధ్యాయురాలే ఒక పాత్రగా మారి, పిల్లలతో కలిసి కల్పిత సన్నివేశంలోకి ప్రవేశించి, అక్కడ ఎదురయ్యే సమస్యను వారిచేతనే పరిష్కరింపజేసే విధానాన్ని పెంపొందించారు. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ రూపొందించిన ఫోరమ్ థియేటర్‌లో ప్రేక్షకుడు నాటకాన్ని ఆపి, తానే వేదికపైకి వచ్చి, పాత్ర మరోలా ప్రవర్తిస్తే ఏమవుతుందో ప్రయత్నించి చూడవచ్చు. వీటిని చదివి ఊరుకోకుండా వర్క్‌షాపుల్లో స్వయంగా పాల్గొని నేర్చుకోండి.

దర్శకత్వం విషయానికి వస్తే, ఊహాశక్తి ఎంత అవసరమో క్రమశిక్షణ కూడా అంతే అవసరం. నాటక ప్రతిని సన్నివేశాలుగా, వాటిని ఇంకా చిన్న ఘట్టాలుగా విడదీసి ప్రతి పాత్రా ఆ క్షణంలో ఏం కోరుకుంటున్నదో తేల్చుకోవడం, నటుల రాకపోకలను నిర్ణయించడం, చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా మాట వినబడుతున్నదా, ముఖం కనబడుతున్నదా అని సరిచూసుకోవడం, లైటింగ్, సంగీతం, ఆహార్యం చూసేవారితో ఒకే అవగాహనకు రావడం, ఇవన్నీ దర్శకురాలి బాధ్యతలే. వీటిని నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి చోటు స్టేజ్ మేనేజర్ బాధ్యత, అంటే రిహార్సల్స్‌లోనూ ప్రదర్శనలోనూ అన్ని విభాగాలనూ సమన్వయపరిచే పని అని నా గట్టి అభిప్రాయం. ప్రతి విభాగం సమాచారం చివరకు ఆ వ్యక్తి చేతిలోని నాటక ప్రతిలోకే చేరుతుంది. వెంటనే సొంత నాటకం చేయాలన్న తొందర మానుకుని, అనుభవజ్ఞులైన దర్శకుల దగ్గర కొంతకాలం ఆ పని చేయండి.

కథాకథనానికి పెట్టుబడి తక్కువ, కాని దాక్కోవడానికి తెర ఉండదు. కథను అక్షరం తప్పకుండా కంఠస్థం చేయడానికి బదులు సంఘటనల వరుసను గుర్తుపెట్టుకుని, మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ మాత్రం ముందే స్థిరపరచుకోండి. గ్రంథాలయాలు, మ్యూజియంలు, పాఠశాలలు, ఆడియో కార్యక్రమాలు, సంస్థల శిక్షణ తరగతులు వంటి చోట్ల కథకులకు పని ఉంటుంది. అయితే కేవలం దీనిపైనే ఆధారపడి జీవించడం మొదటి దశలో కష్టం.

మీ అమ్మానాన్నల ఆందోళన సహేతుకమైనదే. దర్శకులకు సాధారణంగా ఒక్కో ప్రదర్శనకు ఇంతని పారితోషికం ఉంటుంది, రెండు ప్రదర్శనల మధ్య ఖాళీ ఎంతకాలమో ముందుగా చెప్పలేము. పాఠశాలలో నాటక ఉపాధ్యాయ ఉద్యోగం నెల జీతాన్ని ఇస్తుంది. అందువల్ల ఈ రంగంలో చాలామంది బోధనను ప్రధాన ఆదాయంగా ఉంచుకుని దర్శకత్వాన్ని కొనసాగిస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీకూ ఇదే అనుకూలమని భావిస్తున్నాను: రంగస్థల కళల్లో పీజీ చేయండి, విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించాలన్నా అది అక్కరకు వస్తుంది.

కోర్సులో చేరే ముందు అక్కడి పూర్వ విద్యార్థులతో మాట్లాడండి. ప్రతి విద్యార్థికీ స్వయంగా ఒక నాటకానికి దర్శకత్వం వహించే అవకాశం ఇస్తారా, నిజమైన తరగతి గదిలో పిల్లలతో పని చేయిస్తారా, పిల్లల భద్రతకు సంబంధించిన నియమాలు నేర్పుతారా అని అడగండి. ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు రాకపోతే మరో సంస్థను చూసుకోండి.