కొత్త కారు స్పీకర్లలో గుయ్ మని శబ్దమా? డీలర్ దగ్గరకి వెళ్ళేముందు ఇది చదవండి

మొన్న ఒక తమ్ముడు అడిగాడు. అమెరికా వచ్చి ఏడాదిన్నర అయ్యిందట, మొదటిసారి కొత్త కారు కొన్నాడు, ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నుంచి స్పీకర్లలో సన్నగా ఈల వేసినట్టు శబ్దం, యాక్సిలరేటర్ తొక్కితే ఈల కూడా పైకి లేస్తుంది, కాలు తీస్తే దిగుతుంది. డీలర్ దగ్గరకి రెండుసార్లు తీసుకెళ్తే మాకేం వినపడలేదని తాళాలు చేతిలో పెట్టి పంపించేశారట. "అన్నా, మూడు రోజుల్లో అయితే వెనక్కి ఇచ్చేయొచ్చు అంటారు కదా, నేను ఛాన్స్ మిస్ అయ్యానా" అని తెగ బాధపడుతున్నాడు.

ముందు ఆ మూడు రోజుల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చిన ప్రతి పదిమందిలో ఎవరో ఒకరు ఇది నమ్ముతూనే ఉంటారు. ఫెడరల్ రూల్ ఒకటుంది, మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చనేది, కానీ అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ళకి, హోటల్లోనో ఎక్కడో తాత్కాలికంగా స్టాల్ పెట్టి అమ్మేవాళ్ళకి. డీలర్ షోరూంలో సంతకం పెట్టి కొన్న కారుకి అది వర్తించదు. డీలర్ తనంతట తాను రిటర్న్ పాలసీ ఇచ్చి, అది కాగితం మీద రాసి ఉంటే తప్ప సంతకం పెట్టాక కారు మనదే. యూకేలో ఉన్నవాళ్ళకి మాత్రం పరిస్థితి వేరు, అక్కడ 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం డీలర్ దగ్గర కొన్న కారులో లోపం ఉంటే 30 రోజుల్లోపు తిరస్కరించొచ్చు. కాబట్టి తమ్ముడూ, నువ్వు మిస్ అయ్యిందేమీ లేదు, బాధపడకు. ఇక శబ్దం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇదే శబ్దంతో నేను ఐదు నెలలు పడ్డాను.

2014లో మేం కొలంబస్‌లో ఉన్నప్పుడు, రెండు పాత కార్లు నడిపాక, మొదటిసారి కొత్త సెడాన్ కొన్నాం. అప్పట్లో నా ఫోను ఆక్స్ కేబుల్‌తోనే, అంటే ఫోన్లో పాటని స్టీరియోకి చేర్చే వైరుతోనే, పెట్టుకునేవాణ్ణి. పాటకీ పాటకీ మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ కీ... మని వినపడేది. డీలర్ దగ్గరకి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కాగితం మీద "కుడ్ నాట్ డూప్లికేట్" అని రాసి ఇచ్చారు, అంటే కస్టమర్ చెప్పిన సమస్య మా దగ్గర రాలేదు అని. వీళ్ళు అసలు కారు స్టార్ట్ చేసి చూశారో లేదో అని ఇంటికొచ్చి కోపంతో ఊగిపోయాను.

తర్వాత ఒక శనివారం పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి బయల్దేరాం, మూడు గంటల పైన డ్రైవ్. దారిలో మా ఆవిడ తన ఫోను ఛార్జింగ్ పెట్టుకోవాలని సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఉన్న నా ఛార్జర్ కేబుల్ నా ఫోన్లోంచి పీకింది. అంతే, ఈల ఆగిపోయింది! నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మళ్ళీ పెట్టమన్నాను, వచ్చింది. తీయమన్నాను, పోయింది. అలా నాలుగుసార్లు పెట్టించీ తీయించీ చూశాను. అప్పుడు వెలిగింది అసలు విషయం. సర్వీసుకి ఇచ్చేటప్పుడు కారు శుభ్రంగా ఖాళీ చేసి ఇవ్వడం మన అలవాటు కదా, ఛార్జరు, కేబుల్స్, ఫోను అన్నీ తీసేసి బ్యాగులో వేసుకుని మరీ ఇచ్చేవాణ్ణి. వాళ్ళకి శబ్దం ఎలా వినపడుతుంది? వాళ్ళు రాసింది అక్షరాలా నిజమే.

అసలు అలా ఎందుకు వస్తుందంటే, కారులో ప్రతిదానికీ నెగటివ్ వైరు బ్యాటరీ దాకా విడిగా లాగరు, బాడీ ఇనుమే నెగటివ్. అన్నీ దానికే బిగిస్తారు, దాన్నే గ్రౌండ్ అంటారు. ఇంజన్ తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ మూడు ఫేజుల ఏసీ కరెంటు పుట్టించి దాన్ని డయోడ్లతో డీసీ చేస్తుంది, కానీ అది బ్యాటరీ కరెంటులాగా నున్నగా ఉండదు, మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. ఇప్పుడు మీ ఫోను ఛార్జర్ ద్వారా ఒకచోట గ్రౌండుకి తగిలింది, ఆక్స్ కేబుల్ ద్వారా స్టీరియో దగ్గర ఇంకోచోట తగిలింది. ఆ రెండు చోట్ల మధ్య ఓల్టేజ్‌లో వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు, ఆ అలలు పాట వచ్చే కేబుల్లోకి దూరిపోతాయి, ఆంప్లిఫయర్ వాటిని కూడా పాటతో పాటే పెంచి వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఇంజన్ వేగం పెరిగితే అలలు దగ్గరవుతాయి, అందుకే ఈల పైకి లేస్తుంది. ఛార్జర్లు కూడా తమ వంతు కలుపుతాయి, 12 ఓల్టులని 5 ఓల్టులకి దించడానికి లోపల సెకనుకి లక్షలసార్లు ఆన్ ఆఫ్ అయ్యే సర్క్యూట్ ఉంటుంది, చవకరకం వాటిలో ఫిల్టర్ సరిగా పెట్టరు.

దీన్ని తేల్చడానికి నాకు తెలిసి అన్నిటికన్నా సులువైన పరీక్ష పవర్‌బ్యాంక్. ఫోను ఆక్స్‌లోనే ఉంచండి, కారు ఛార్జర్ తీసేసి పవర్‌బ్యాంక్ పెట్టి ఛార్జ్ చేయండి, పవర్‌బ్యాంక్‌ని సీటు మీద పడేయండి, దానికి కారుతో ఏ సంబంధమూ లేదు కదా. ఈల పోయిందా, అది గ్రౌండ్ లూపే, కారు తప్పు కాదు. 10, 15 డాలర్లకి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాటని దాటనిచ్చి గ్రౌండుని తెంపేస్తుంది, ఆక్స్ కేబుల్ మధ్యలో తగిలిస్తే సరి. మరీ చవకది కొంటే బేస్ కాస్త తగ్గుతుంది, అది గమనించుకోండి. లేదంటే బ్లూటూత్ వాడండి, వైరే లేనప్పుడు లూప్ ఎక్కడిది. యూఎస్‌బీ కేబుల్‌తో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్ళకి పాట డిజిటల్‌గా వెళ్తుంది కాబట్టి మామూలుగా ఈ గొడవ రాదు.

పవర్‌బ్యాంక్ పెట్టినా పోలేదనుకోండి, అప్పుడు కాస్త ఓపిగ్గా కూర్చోవాలి. రాత్రి పూట, పార్కింగ్‌లో, కారులో ఉన్నవన్నీ పీకేయండి, డాష్‌క్యామ్‌తో సహా, ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చి స్టీరింగ్ కింద పెట్టుకోమన్న డాంగిల్‌తో సహా. ఇంజన్ ఆపి ఆడియో మాత్రం ఆన్ చేసి వినండి, తర్వాత స్టార్ట్ చేసి వినండి. స్టార్ట్ చేస్తేనే వస్తోందంటే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. ఏసీ బ్లోయర్ ఒక్కొక్క స్పీడూ పెంచండి, దానితో శబ్దం మారితే బ్లోయర్ మోటరు. వెనక అద్దం డీఫ్రాస్ట్ వేసి శబ్దం మారుతుందేమో వినండి, చాలా కార్లకి యాంటెన్నా ఆ అద్దంలోనే ఉంటుంది. ఇక వాల్యూమ్ పూర్తిగా సున్నా చేసి వినండి, ఇది ముఖ్యం. సున్నాలో శబ్దం పోతే అది పాట వచ్చే వైపు నుంచి దూరుతోంది, ఫోను, కేబుల్, రేడియో యాంటెన్నా ఇలాంటివి. సున్నాలో కూడా అలాగే ఉంటే వాల్యూమ్ దాటాక ఆంప్లిఫయర్ దగ్గరో, స్పీకర్ వైర్లలోనో, గ్రౌండు బోల్టు దగ్గరో తేడా ఉంది, అది మాత్రం కంపెనీ వాళ్ళ పనే, వారంటీలో చేయించుకోవాల్సిందే.

ఒక్క రేడియోలోనే గరగర వస్తోంటే అది వేరే కథ, గాలిలో వచ్చి యాంటెన్నాకి తగిలే రొద. ఏఎం రేడియోకి ఇది మరీ ఎక్కువ. పెద్ద కరెంటు లైన్ల కింద నుంచి వెళ్ళేటప్పుడు మాత్రమే వస్తే కారుకేం కాలేదు. ఎప్పుడూ వస్తుంటే డాష్‌క్యామ్ పీకి చూడండి, ఆ వైరు మీద ఫెర్రైట్ క్లిప్ అని చిన్న నల్ల ముక్క బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో మోటరుని నడిపే ఇన్వర్టరే ఏఎం బ్యాండుని పాడు చేస్తుంది, అందుకే కొన్ని కంపెనీలు వాటిలో ఏఎం తీసేశాయి, ఫోర్డ్ 2023లో తీసేస్తామని చెప్పి జనం గోల చేశాక వెనక్కి తగ్గింది. ఇంకో మాట, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు, రివర్స్ తీసేటప్పుడు ఊ... మని ఒక రాగం వస్తుంది, అది నడిచేవాళ్ళకి వినపడాలని చట్ట ప్రకారం బయట స్పీకర్‌తో పెట్టింది, ఇక్కడ గంటకి 30 కిలోమీటర్ల వేగం దాకా ఉండాలి. దాని కోసం డీలర్ చుట్టూ తిరగకండి.

ఇప్పుడు డీలర్ సంగతి. మనవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది, నేనూ చేశాను. కౌంటర్ దగ్గర సర్వీస్ అడ్వైజర్ ఏంటి ప్రాబ్లం అంటే "సౌండ్ వస్తోంది" అని ఊరుకుంటాం. ఆయన అదే టైప్ చేస్తాడు, లోపల టెక్నీషియన్‌కి ఆ ఒక్క ముక్కే వెళ్తుంది, ఆయన పది నిమిషాలు తిప్పి ఏం లేదు అని రాసేస్తాడు. అలా కాకుండా "ఇంజన్ ఆన్‌లో ఉండి, బ్లూటూత్‌లో, వాల్యూమ్ సున్నా పెట్టినా, ఎడమవైపు ముందు స్పీకర్లో, బ్లోయర్ మూడో స్పీడు దాటాక వస్తోంది" అని చెప్పండి, ఆ మాటలన్నీ రిపేర్ ఆర్డర్ అని వాళ్ళు రాసే కాగితం మీద పడ్డాయో లేదో సంతకం పెట్టే ముందు చదువుకోండి. ఫోన్లో రికార్డ్ చేసి చూపించండి. "టెక్నీషియన్ పక్కన కూర్చుని నేనే వినిపిస్తాను" అని అడగండి, ఇది అడగడానికి మొహమాటపడనక్కర్లేదు, ఇక్కడ అందరూ అడుగుతారు. వీసా మీద ఉన్నాం, మన ఇంగ్లీషు యాస వాళ్ళకి అర్థం కాదేమో అని తగ్గి మాట్లాడేవాళ్ళని చాలామందిని చూశాను, నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. ముప్ఫై, నలభై వేల డాలర్లు పెట్టి కొన్న కారు అది, అడగండి.

మా స్నేహితుడి కొత్త ఎస్‌యూవీలో అచ్చంగా ఇలాగే జరిగింది. ఏమీ పెట్టకుండానే శబ్దం, మూడుసార్లు తిప్పి పంపారు, ఒకసారైతే ఈ మోడల్ అన్నిటికీ ఇంతే అన్నారు. అతను మాత్రం ప్రతిసారీ కాగితం తీసుకున్నాడు, తేదీ, మైలేజీ ఉన్న కాగితం. నాలుగోసారి టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని బ్లోయర్ తిప్పి వినిపించాడు. డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీసి చూస్తే, గ్రౌండు వైరు బిగించిన బోల్టు కింద పెయింట్ అలాగే ఉంది, బోల్టు ఇనుముకి సరిగా తగల్లేదు. గీకి, శుభ్రం చేసి బిగించారు, పావుగంట పని. అతని దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు.

ఆ కాగితాలు ఎందుకంటే, వారంటీ ఇక్కడ చాలా కంపెనీలకి 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళు. గడువులోపల కంప్లైంట్ పెట్టినట్టు రుజువు ఉంటే, గడువు దాటాక అదే సమస్య గురించి మాట్లాడటానికి మనకి బలం ఉంటుంది. లెమన్ లా, అంటే ఎన్నిసార్లు రిపేర్ చేసినా బాగుపడని కొత్త కారుని కంపెనీ వెనక్కి తీసుకోవాలనే చట్టం, కూడా వీటి మీదే నడుస్తుంది, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఒహాయోలో అయితే మొదటి 12 నెలలు లేదా 18,000 మైళ్ళు. కాకపోతే ఉత్త స్పీకర్ శబ్దానికి లెమన్ లా కింద కారు వెనక్కి తీసుకోరు, కారు వాడకానికో, విలువకో, భద్రతకో గట్టి దెబ్బ ఉండాలి, అందుకని దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. అంతకన్నా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో మీ మోడల్ కొట్టి చూడండి, కంపెనీ డీలర్లకి పంపే సర్వీస్ బులెటిన్లు ఉచితంగా దొరుకుతాయి, మీ శబ్దం గురించే ఒకటి ఉంటే ప్రింట్ తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టండి.

బయట డాష్‌క్యామ్ పెట్టించారు కాబట్టి వారంటీ మొత్తం పోయింది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం ఆ వస్తువు వల్లే పాడైందని వాళ్ళు చూపించాలి. అలాగని తెలిసినవాళ్ళు చేస్తారని వైర్లు కోసి అతుకులు వేయించకండి, లీజు కారైతే అసలే వద్దు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని మీదుగా డాష్‌క్యామ్ వైరు లాగితే ప్రమాదం. హైబ్రిడ్‌లో నారింజరంగు కేబుల్ కనపడితే చెయ్యి కూడా దగ్గరకి పోనివ్వకండి, అది హై ఓల్టేజ్.

తమ్ముడూ, నువ్వు ఆక్సా బ్లూటూతా అనేది రాయలేదు. ఈ శనివారం పవర్‌బ్యాంక్‌తో ఒకసారి, అన్నీ పీకేసి వాల్యూమ్ సున్నాతో ఒకసారి విని చెప్పు. డీలర్ ఇచ్చిన ఆ రెండు కాగితాల్లో నీ కంప్లైంట్ కింద ఏం రాశారో ఫోటో తీసి పెట్టు, విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు), అడ్రసు కనపడకుండా. మూడోసారి వెళ్ళేటప్పుడు కౌంటర్ దగ్గర ఏం రాయించాలో ఇద్దరం కలిసి రాసుకుందాం.