పాఠకుల ప్రశ్నలు: బలరాం ఫొటో ముందు దీపం

ప్రశ్న: మాది బిట్రగుంట. మా తాతయ్య పద్దెనిమిదేళ్లప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి చేరి, రిటైరయ్యాక ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు ఎనభై అయిదేళ్లు. కలకత్తా ఫుట్‌బాల్ జట్టు ఈస్ట్ బెంగాల్ అంటే ఆయనకి ప్రాణం. 2023 ఫిబ్రవరి 16న ఆ జట్టుకి ఆడిన తులసీదాస్ బలరాం అనే పాత ఆటగాడు చనిపోయాడని తెలిసి ఆ రోజంతా అన్నం ముట్టలేదు, గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. అప్పట్నించి ఏటా ఆ రోజు పేపర్లో కత్తిరించి దాచుకున్న ఫొటో ముందు దీపం పెట్టి ఉపవాసం ఉంటాడు. మా నాన్నకి ఇది నచ్చదు. "ఎవరో కలకత్తా ఆటగాడు పోతే మనింట్లో దీపం ఏంది" అని కేకలేస్తాడు. తాతయ్యకి షుగర్ కూడా ఉంది. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. ఒక్కసారి కూడా మాట్లాడని మనిషి కోసం అంత దుఃఖం ఉంటుందా?
ఒక పాఠకురాలు, బిట్రగుంట

జవాబు: ఉంటుందమ్మా, తప్పకుండా ఉంటుంది. మీరు రాసిన వయసుని బట్టి లెక్క వేసి చూశాను, తాతయ్య ఖరగ్‌పూర్‌లో దిగింది 1958 ప్రాంతంలో అయి ఉండాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టి పెరిగిన బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడటం మొదలుపెట్టింది 1957లో. అంటే ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో, మీసాలు సరిగా రాని వయసులో, ఊరు కాని ఊరికి వెళ్లినవాళ్లే. బెంగాలీ ముక్క రాక, అక్కడి తిండి పడక, రాత్రయితే ఇంటి మీద బెంగ పెట్టుకునే కుర్రాడికి, తనలాగే దక్షిణాది నుంచి వచ్చిన ఒకడు బంతి అందుకోగానే గ్యాలరీ మొత్తం లేచి నిలబడి అరుస్తుంటే ఎట్లా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఆ అరుపులో తనకీ ఒక చోటు దొరికినట్టు ఉంటుంది. 1961లో బలరాం కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది, అప్పటికి మీ తాతయ్యకి ఇరవై ఒకటి.

ఇంకో సంగతి. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, మన దేశం ఫుట్‌బాల్ జట్టులో కలిసి ఆడిన ఈ ముగ్గురి పేర్లూ ఆ తరం వాళ్లు ఒకే గుక్కలో చెప్పేవాళ్లు. పీకే 2020 మార్చి 20న పోయాడు, చునీ అదే ఏడు ఏప్రిల్ 30న పోయాడు. చునీ పోయేటప్పటికి లాక్‌డౌన్, అభిమానులు కడసారి చూపుకి గుంపుగా వెళ్లే దారి కూడా లేకపోయింది. మూడేళ్లకి బలరాం. ముగ్గురిలో మిగిలిన ఆ ఒక్కడూ వెళ్లిపోయిన రోజున మీ తాతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడంటే, ఆయన యవ్వనాన్ని చూసిన చివరి సాక్షి పోయినట్టు అనిపించి ఉంటుంది.

అయితే ఆ వార్త తెలిసిన రోజు కలకత్తాలో ఉన్న ముసలాయనకి టీ బడ్డీ దగ్గర నలుగురు దొరుకుతారు. "ఆ గోల్ గుర్తుందా" అని ఒకరంటే "నేను అక్కడే ఉన్నా" అని ఇంకొకరంటారు, అట్లా చెప్పుకుంటూ చెప్పుకుంటూ గుండె బరువు దిగుతుంది. బిట్రగుంటలో మీ తాతయ్యకి ఎవరున్నారు చెప్పండి? ఆ పేరు విన్నవాళ్లు కూడా లేరు. చావు కబురు తనకి ఒక్కడికే తెలిసినట్టు, ఇంట్లో వాళ్లకి అదొక టీవీ వార్త అయినట్టు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ ఒంటరితనమే. ఆ దీపం పూజ కోసం అనుకోకండి, పక్కన కూర్చుని వినేవాళ్లు లేక ఆయన చేసుకున్న ఏర్పాటు అది.

కాబట్టి ఈసారి ఫిబ్రవరి 16న మీరు పక్కన కూర్చోండి. ఖరగ్‌పూర్ నుంచి ఏ బండికి వెళ్లేవాడు, హౌరాలో దిగి మైదానం దాకా ఎట్లా పోయేవాడు, టికెట్ కోసం ఎంతసేపు నిలబడేవాడు, వర్షంలో తడిశాడా, ఎవరితో కొట్లాడాడా, అన్నీ అడగండి, ఫోన్‌లో రికార్డు పెట్టండి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ల అభిమానుల ఇళ్లలో ఇలీష్ చేప, వాళ్ల పోటీ జట్టు మోహన్ బగాన్ గెలిస్తే అవతలి వాళ్ల ఇళ్లలో రొయ్యలు, ఇది అక్కడి పాత ముచ్చట. ఇలీష్ అంటే మన గోదావరి పులసే. నెల్లూరు జిల్లాలో పుట్టి రొయ్యల మీద మనసు చంపుకోవడం చిన్న విషయం కాదు, ఆ రెండు జట్లు ఆడే రోజు తాతయ్య రొయ్యలు ముట్టేవాడో లేదో కనుక్కుని నాకు రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఆ కాలపు లీగ్ మ్యాచ్‌లని మనం ఇప్పుడు యూట్యూబ్‌లో వెతుక్కుని చూసే వీలు లేదు, వాటిని కళ్లారా చూసిన మనిషి మీ ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

ఇక మీ నాన్న సంగతి. ఆయన కోపం దీపం మీద కాదని నా నమ్మకం. షుగర్ మాత్రలు వేసుకునే ఎనభై అయిదేళ్ల తండ్రి కడుపు మాడ్చుకుంటే ఏ కొడుక్కయినా టెన్షనే, అది కేకలుగా బయటికొస్తోంది. ఉపవాసం మాత్రం మాన్పించాల్సిందే, ఇందులో నేను నాన్న పక్షం. "తాతయ్యా, ముందు రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకో, తర్వాత ఇద్దరం కలిసి దీపం పెడదాం" అని చెప్పి చూడండి. కలిసి అన్న మాటకి ఆయన లొంగుతాడు. వీలైతే నాన్నని కూడా ఒక పది నిమిషాలు కూర్చోబెట్టండి, తన తండ్రి ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఎట్లా ఉండేవాడో ఆయనకీ తెలిసి ఉండదు.

ప్రశ్న: మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం, లివర్‌పూల్ జట్టు అభిమాని. ఆ ఫుట్‌బాల్ జట్టులో ఆడే డియోగో జోటా చనిపోయినప్పుడు మూడు రోజులు గదిలోంచి రాలేదు. ఇప్పటికీ జోటా వేసుకున్న 20వ నంబర్ జెర్సీ వదలడు. డాక్టర్‌కి చూపించాలా?
ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఇప్పుడు చదువు, తిండి, నిద్ర మామూలుగానే ఉంటే అక్కర్లేదండీ. అవి కూడా చెడిపోతే మాత్రం ఆలస్యం చేయకండి. జోటా పోయింది 2025 జులై 3న, స్పెయిన్‌లో కారు ప్రమాదంలో, వయసు 28, పక్కనే తమ్ముడు ఆంద్రే సిల్వా కూడా పోయాడు. పెళ్లయి పదకొండు రోజులే, ముగ్గురు పిల్లలు. తెలియని ఇంట్లో జరిగిందని విన్నా మనం అయ్యో అంటాం కదా, వారం వారం ఆటలో చూసిన మనిషికి జరిగితే పిల్లవాడు ఏడవడంలో తప్పేముంది. జట్టు కూడా ఆ 20వ నంబర్‌ని ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. జెర్సీ ఉతికి ఇస్తూ ఉండండి, వద్దనకండి.

ప్రశ్న: మారడోనా పోయాక నేపుల్స్‌లో స్టేడియానికే ఆయన పేరు పెట్టారట. అంత అవసరమా?
ఒక విద్యార్థి, కందుకూరు

జవాబు: అవసరమే తమ్ముడూ. 1984లో ఆయన వచ్చేదాకా ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు నపోలీ ఒక్కసారి కూడా ఇటలీ లీగ్ గెలవలేదు. ఆయన ఉండగా 1987లో, 1990లో గెలిచింది. 2020 నవంబర్ 25న కబురు తెలియగానే, కరోనా రోజుల్లో కూడా, జనం స్టేడియం బయట కొవ్వొత్తులు వెలిగించారు. పేరు మార్పు ఆ వచ్చే నెలలోనే జరిగిపోయింది.

ప్రశ్న: బలరాం సికింద్రాబాద్ వాడు అంటున్నారు. మరి మనకెవరికీ ఆయన పేరు ఎందుకు తెలియదు? కలకత్తా వాళ్లే ఎందుకు ఏడ్చారు?
ఒక రిటైర్డ్ డ్రిల్ మాస్టారు, మార్కాపురం

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, అందులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టుని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా మన హైదరాబాద్ వాడే. ఆ మరుసటి ఏడే రహీం పోయాడు, అదే కాలంలో బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. పీకేకి, చునీకి పద్మశ్రీ వచ్చింది, ఈయనకి రాలేదు. పెళ్లి చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండి 86 ఏళ్లకి వెళ్లిపోయాడు.

అదే 2023లో ఆగస్టు 15న ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ పోయాడు, అదీ హైదరాబాద్‌లోనే, మన మధ్యే. 1977లో పీలే అమెరికాలోని న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టి ఆ మ్యాచ్ 2-2 కావడానికి కారణమైన ఇద్దరిలో ఒకడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్, మూడు కలకత్తా జట్లకీ ఆడాడు, అక్కడ ఆయన 'బడే మియా'.

కలకత్తా వాళ్లకి మనకంటే ప్రేమ ఎక్కువని కాదు, వాళ్లు తండ్రి నుంచి కొడుక్కి ఈ పేర్లు చెప్పుకుంటూ వచ్చారు, మనం చెప్పుకోలేదు. మీరు ఇన్నేళ్లు గ్రౌండ్‌లో పిల్లల్ని పరిగెత్తించిన మనిషి, మీ దగ్గరికి ఇంకా పాత విద్యార్థులు వస్తూనే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు ఈ మూడు పేర్లు, రహీం, బలరాం, హబీబ్, వాళ్లకి చెప్పండి. బిట్రగుంటలో ఈ విషయాలన్నీ తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఆ అమ్మాయి ఒప్పుకుంటే మీ ఇద్దరినీ ఫోన్‌లో కలుపుతాను.