చర్చి, మసీదు కలిసి ఎమ్మెల్యేకి వినతిపత్రం ఇస్తే ఉపయోగం ఉంటుందా?

మీది విజయవాడ వించిపేట. మీ చర్చి యూత్, పక్కనున్న మసీదు కమిటీ కలిసి పింఛన్లు, రేషన్, మత స్వేచ్ఛ గురించి ఎమ్మెల్యేకి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నారు. సంక్షేమం, మత స్వేచ్ఛ, ఈ రెండు విషయాలూ ఒకే కాగితంలో కలపొచ్చా, దానివల్ల ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు.

కలపొచ్చు. కలపాలనే అంటాను. మాది గుంటూరు. మా పేటలో చర్చి, మసీదు, పోలేరమ్మ గుడి పెద్దలు కలిసి వెళ్లినప్పుడు ఆ వినతిపత్రం రాసింది నేనే.

ముందు రేషన్ సంగతి. చర్చికి వెళ్తే పింఛను ఆపేస్తారని భయపడే ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది వట్టి పుకారు. ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే 4 వేల పింఛనుకు గానీ, 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఇచ్చే 5 కిలోల బియ్యానికి గానీ మతంతో పనిలేదు. అడ్డం పడేవి వేరే ఉంటాయి. మా చర్చిలో ఒక మామ్మ ఏళ్ల తరబడి కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసింది. వేళ్లు నున్నగా అరిగిపోయాయి. డిపోలో మిషన్ మీద బొటనవేలు పెడుతుంది, పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, పడదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటే పక్కకు తప్పుకుంటుంది. మసీదు వీధిలో అదే పని చేసే ఆడవాళ్లదీ అదే అవస్థ. ఆధార్ సరిపోలలేదని ఎవరికీ బియ్యం ఆపకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. అదే కాగితంలో మొదట రాశాం. మామ్మను వెంట తీసుకెళ్లాం. ఎమ్మెల్యే గారు ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, మా ముందే అధికారికి ఫోన్ చేశారు. తర్వాత వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాపతో తీసుకోవడం మొదలుపెట్టారు.

కష్టమంతా రెండో విషయంలో ఉంది. నచ్చిన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ ఇచ్చింది. కానీ 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకేనని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కుటుంబం మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతుంది. ఆ గ్రూపుకు ఉన్న రిజర్వేషన్ 1 శాతం. ఉండేది అదే పేట, చేసేది అదే కూలి, ఎదుటివాళ్లు చూసే చూపూ అదే. అందుకే పిల్లాడి సీటు ఎక్కడ పోతుందోనని చర్చి సంఘం రిజిస్టర్‌లో పేరు రాయించుకోని తల్లిదండ్రులు నాకు తెలుసు. క్రిస్మస్ నాడు ఫొటో తీస్తుంటే పక్కకు జరిగిపోయేవాళ్లనూ చూశాను. చదువు కోసం, ఉద్యోగం కోసం తన దేవుణ్ణి దాచుకోవాల్సి వచ్చిన మనిషికి మత స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం? సంక్షేమం, మత స్వేచ్ఛ విడదీయలేమని నేను నమ్మేది ఇందుకే.

ఆ ఉత్తర్వును మార్చగలిగేది పార్లమెంటు, కాబట్టి ఈ భాగం ఎంపీ గారికి కూడా వెళ్లాలి. అలాగని ఎమ్మెల్యేలకు సంబంధం లేదనుకోకండి. మతంతో ఈ ముడి తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. ఇదే విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. ఏళ్ల తరబడి అడిగినవాళ్లు ఉండబట్టే అది అక్కడిదాకా వచ్చిందని నా నమ్మకం.

సంతకాల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చర్చి లెటర్‌హెడ్ మీద సంతకం పెడితే కొందరికి కులం సర్టిఫికెట్‌కే ఎసరు వస్తుంది. ఎవర్నీ మొహమాటపెట్టకండి, సంతకాల లిస్టును వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. మేమైతే పెద్దల సంతకాలతోనే సరిపెట్టాం. చర్చి ప్రహరీ గోడ సంగతి కూడా చేర్చమని ఒక సంఘపెద్ద పట్టుబట్టారు. పాస్టర్ గారు వద్దన్నారు, మంచి పని చేశారు. గోడకు నిధులిస్తామని చెప్పి పంపించేయడం ఏ నాయకుడికైనా తేలిక. ఇక "మా ఓట్లన్నీ మీకే" అన్న మాట మీలో ఎవరి నోటా రానివ్వకండి. మతం పేరు చెప్పి ఓట్లు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తప్పు. మన హక్కును మనమే బేరానికి పెట్టడం అంతకన్నా తప్పు.

ఒక్కొక్కరి పింఛను, కార్డు సమస్యలుంటే విడిగా అర్జీలు రాసి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. వినతిపత్రం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అసెంబ్లీ సమావేశాలకు ముందు ఆ కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఈసారి కూడా మసీదు కమిటీ వాళ్లతో కలిసే వెళ్లండి.