గేర్‌బాక్స్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కారు గేర్‌బాక్స్ నువ్వే బాగుచేసుకున్నదాని గురించి రాసి పంపింది రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదివా. 2,40,000 కిలోమీటర్లు తిరిగిన సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 ఇంజన్ కారు, అందులో జెడ్‌ఎఫ్ కంపెనీ 6హెచ్‌పీ26 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, దాన్ని నీ చేతుల్తో విప్పి బాగుచేశావంటే మామూలు విషయం కాదు. రాయడం కూడా వస్తుంది నీకు, అందులో డౌట్ లేదు. కానీ మొదటి లైన్లోనే "గేర్‌బాక్స్ పోయింది" అని తేల్చేశావ్ చూడు, అక్కడ నాకు నిజంగా బాధేసింది.

పోయింది అంటే ఏం పోయింది రా? అలాంటి కారే ఉన్నవాడు అర్ధరాత్రి నిద్రపట్టక కూర్చుని నీ రాత చదువుతాడు, వాడికి కావాల్సింది నీ తీర్పు కాదు, తన కారు చేస్తున్నదీ నీ కారు చేసిందీ ఒకటేనా కాదా అని. డి (డ్రైవ్) లో వేస్తే వెంటనే పట్టుకోకుండా ఒక క్షణం ఆగి ధడేల్మని పట్టుకుందా? చల్లగా ఉన్నప్పుడు బానే ఉండి వేడెక్కాక మొదలైందా? గేర్ మారే మధ్యలో ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి మళ్ళీ పడిందా? లేక ఒకే స్పీడ్‌లో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే, రోడ్డు నున్నగానే ఉన్నా గతుకుల మీద పోతున్నట్టు వణికిందా? ఇవి ఒకటే జబ్బు కాదని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ వణుకు ఎక్కువగా ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ లోపల, ఆ రెండింటినీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ నుంచి వస్తుంది. వేడెక్కాక మొదలయ్యేదైతే చాలాసార్లు ప్రెషర్ గొడవ, ఆయిల్ వేడికి పల్చబడి, గట్టిపడిన సీల్స్ పక్కనుంచీ అరిగిన వాల్వుల పక్కనుంచీ జారిపోతుంది, క్లచ్ ప్లేట్లని గట్టిగా నొక్కే బలం ఉండదు, అవి జారతాయి, ఆర్‌పీఎం లేస్తుంది. నువ్వు ఏ వరసలో అనుమానపడ్డావో ఆ వరసలోనే రాయి, కథంతా అందులోనే ఉంది.

నా సంగతి ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ క్రితం నా కారుకి ఇదే వస్తే ఒకచోట చూపించా, పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పళ్ళెం) కూడా విప్పకుండానే మొత్తం గేర్‌బాక్స్ మార్చాలన్నారు. ఇంకొకాయన పాన్ దించి, అందులో ఇనుప పొడిని పట్టుకునే మాగ్నెట్లు తీసి నా చేతిలో పెట్టాడు. వాటి మీద బూడిదరంగు పేస్ట్ ఉంది, వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా, ఎక్కడా గుచ్చుకోలేదు. అది మామూలు అరుగుదల, మెరిసే రేకుముక్కలు ఉంటే అప్పుడు భయపడాలి అన్నాడు. తర్వాత లోపలి నుంచి ఒక చిన్న రబ్బర్ సీల్ తీసి గోరుతో నొక్కమన్నాడు, గుంట పడలేదు, రాయిలా అయిపోయింది. కొత్తది పక్కన పెట్టి నొక్కితే గోరు దిగింది. అంతే, అవి మార్చి ఆయిల్ పోస్తే కారు మామూలైపోయింది. నేను దాని గురించి రాసినప్పుడు మొదటి మూడు పేజీలు ముందు చూసినవాళ్ళని తిట్టడానికే సరిపోయాయి. వారం ఆగి చదివితే అందులో ఎవరికీ పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఆ పేజీలు తీసేసి మాగ్నెట్‌తో మొదలుపెట్టా.

నువ్వూ పాన్ విప్పావు కదా, కానీ అది ఒక్క లైన్లో దాటేశావ్. ఆయిల్ ఏ రంగులో ఉంది, మాడువాసన వచ్చిందా, మాగ్నెట్ల మీద ఏముంది? అక్కడ ఆగు, ఎంతసేపైనా ఆగు, పర్లేదు. మెకట్రానిక్ అనే మాట మాత్రం ఊరికే విసిరేసి పోకు. ఆయిల్‌ని దారి మళ్ళించే వాల్వ్ బాడీ, దాని కరెంట్ వాల్వులు అంటే సోలనాయిడ్లు, కంప్యూటర్ అన్నీ కలిపి ఒకే ముక్కగా పాన్ పైన ఆయిల్‌లో ఉంటుందని ఒక్క వాక్యంలో చెప్తే, దానికి పోయే కరెంట్ కనెక్టర్ చుట్టూ ఉండే స్లీవ్ నుంచి ఆయిల్ కారితే పాన్ లీకేమో అని జనం ఎందుకు పొరబడతారో చదివేవాడికి దానంతట అదే అర్థమవుతుంది.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్తా, ఏమనుకోకు. నువ్వు రాసిన వరస చూసి ఒకడు నిజంగా కారు కిందకి దూరతాడు. "డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్ తీశా, తర్వాత ఫిల్ ప్లగ్ విప్పా" అని రాశావ్. తిప్పి రాయి. ముందు ఆయిల్ పోసే ఆ ఫిల్ ప్లగ్ కదులుతుందో లేదో చూసుకోవాలి, ఉన్న ఆయిల్ అంతా తీసేశాక అది బిగుసుకుపోయి రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది. "నిండా పోశా" అన్నది కూడా వద్దు. ఇంజన్ నడుస్తుండగా, కారు లెవెల్‌గా ఉండగా, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రం నుంచి సన్నగా బయటికి కారాలి, స్కానర్‌లో ఆ టెంపరేచర్ చూస్తూ చేసే పని అది. తక్కువైతే పంప్ గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ వస్తుంది. "ఆయిల్ మొత్తం మార్చేశా" అన్నావ్, పాన్ దించితే మొత్తం రాదు, కన్వర్టర్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది.

ఎప్పటికీ మార్చక్కర్లేదని చెప్పే లైఫ్‌టైమ్ ఆయిల్ మీద అరపేజీ కోపం ఉంది, తీసెయ్. ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ వాళ్ళే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి లేదా 8 ఏళ్ళకి మార్చమంటారు, ఆ ఒక్క ముక్క రాస్తే నీ కోపం చెప్పేదంతా అదే చెప్తుంది.

చివర్లో "టెస్ట్ డ్రైవ్ సూపర్" అని ముగించావ్. అడాప్టేషన్ రీసెట్ చేశావా లేదా? పాత అరుగుదలకి అలవాటుపడిన లెక్కలు కంప్యూటర్‌లో ఉంటాయి కదా, అవి చెరిపేశాక మొదట్లో షిఫ్టులు కాస్త మొరటుగా ఉండి మెల్లగా సర్దుకుంటాయి. ఆ కాసేపు నువ్వు స్టీరింగ్ పట్టుకుని ఒక్కో గేర్ కోసం ఎలా చెవులు రిక్కించి కూర్చున్నావో నాకు అది కావాలి.

ఈసారి పాన్ విప్పిన దగ్గర్నుంచి మొదలుపెట్టి రాసి పంపు. మాగ్నెట్ల ఫోటో తీసి ఉంటే అదీ పంపు, నీ మాటలు చదివాకే తెరుస్తా, రెండూ కలుస్తాయో లేదో చూస్తా.

మీ అన్నయ్య