కోడి వెనక పుండు మళ్లీ మళ్లీ వస్తోందా? గూడు కూడా చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మధురవాడ. ఒక లేయర్ ఫారంలో గుడ్లు తగ్గాయని కోళ్లని కోతకి అమ్మేస్తుంటే చూడలేక నాలుగు తెల్ల పెట్టల్ని ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగింటికీ వెనక ఈకల్లేవు, చర్మం ఎర్రగా కందిపోయింది. ఒకదానికైతే గుడ్డు పెట్టే చోట తెల్లగా జిగటగా కారి ఎండి అంటుకుపోతోంది, ఒకటే కంపు. డెటాల్ నీళ్లతో కడిగి పసుపు, కొబ్బరినూనె రాస్తే రెండ్రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తోంది. పక్కింటావిడ కిరసనాయిలు రాయమంటున్నారు, రాయొచ్చా?

జవాబు: కిరసనాయిలు అస్సలు వద్దమ్మా. పుండు మీద చర్మం కాలిపోతుంది, పైగా ఈకలు సర్దుకునేటప్పుడు ముక్కుతో కడుపులోకి పోతుంది. పచ్చి పుండు మీద డెటాల్ కూడా ఆపేయండి. ఇంట్లో పాత గమాక్సిన్ డబ్బా ఏదైనా ఉంటే దాని జోలికీ వెళ్లొద్దు, అది నిషేధించిన పురుగుమందు.

మీ నాలుగు పెట్టలదీ ఒకే జబ్బు అనుకోకండి. ఉత్త బోడి చర్మం, పుండు లేదు, పురుగు లేదు అంటే అది కేజ్‌లో తీగలకి రాసుకునీ పక్క కోళ్లు పొడిచీ అయినది. ఈక మొత్తం ఊడిపోతే కొన్ని వారాల్లోనే వస్తుంది కానీ విరిగి మొదలు చర్మంలోనే ఉండిపోతే పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే దాకా రాదు, దానికి ఏ నూనె రాసినా లాభం లేదు. ఈకంటే దాదాపు అంతా ప్రోటీనే కాబట్టి నూకలు, సద్దన్నంతో సరిపెట్టకుండా లేయర్ దాణా పెట్టండి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి.

ఇక మళ్లీ మళ్లీ రావడానికి నేను ముందు అనుమానించేది పేలు, నల్లులు (మంచం నల్లులు కావు, కోళ్లకి పట్టే మైట్స్ అనే సన్న పురుగులు). రాత్రి టార్చ్ వేసి వెనక ఈకలు విడదీసి చూడండి. గడ్డి రంగులో చకచకా పరిగెడితే పేలు, ఈక మొదట్లో తెల్లగా గుత్తులు కట్టినవి వాటి గుడ్లు. మిరియాల పొడి చల్లినట్టు నల్లగా ఉంటే నల్లులు, ఇవి పగలూ రాత్రీ కోడి మీదే ఉంటాయి. ఎర్రనల్లి అలా కాదు, పగలు గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతుంది, అందుకే పగలు కోడిని ఎంత వెతికినా దొరకదు. తెల్లగుడ్డతో కోళ్లు కూర్చునే కర్ర అడుగున తుడవండి, ఎర్ర మరకలు వస్తే అదే. పశువుల డాక్టర్ చెప్పిన పెర్మెత్రిన్ పౌడర్ కోడికీ గూటికీ ఒకే రోజు వేసి, 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ వేయాలి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు చావవు. చాలామంది రెండోసారి మానేస్తారు, అక్కడే తిరగబెడుతుంది.

తెల్లగా కారే పెట్టని మాత్రం వేరే పెట్టండి. కంపు కొడుతూ అలా కారితే ఎక్కువగా కాండిడా అనే ఈస్టు ఉంటుంది. యాంటీబయాటిక్ ఎక్కువ వాడినా, మేతకి బూజు పట్టినా, నీళ్ల గిన్నె కడక్కపోయినా పెరుగుతుంది. మన విశాఖ ఉక్కపోతకి దాణా బస్తా విప్పాక ఎంత తొందరగా ముక్కిపోతుందో మీకు చెప్పక్కర్లేదు, కొంచెం కొంచెం కొనుక్కోండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో నానబెట్టి కడిగి, బాగా ఆరబెట్టి, చుట్టూ ఈకలు కత్తిరించండి. ఈస్టుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, ఇంకా ముదురుతుంది, కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చి వెయ్యకండి. కడుపులో పురుగులున్నా, గుడ్డు లోపల ఇరుక్కున్నా పైకి ఇలాగే కనబడొచ్చు. అందుకే రెట్ట కొంచెం డబ్బాలో పట్టుకుని, కోడిని కూడా తీసుకుని దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లండి, పరీక్ష చేయించండి.

ఎర్రటి కండ బయటికి జారినా, పుండులో పురుగులు కదిలినా ఆరోజే వెళ్లాలమ్మా. వానాకాలంలో ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి, జారిన కండని మిగతా కోళ్లు పొడిచి చంపేస్తాయి.

ప్రశ్న: కోళ్లకి మందు వాడేటప్పుడు గుడ్లు తినొచ్చా? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తినకండి, పిల్లలకి అసలే పెట్టకండి. మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలన్నది మందుని బట్టి మారుతుంది, రాసిచ్చిన డాక్టర్నే అడిగి కాగితం మీద రాయించుకోండి. కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.