రూపాయి మింగేస్తోంది, టికెట్టు రావట్లేదు

పాత యంత్రాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండే రకం బరువు యంత్రం ఒకటి కొన్నాను. రూపాయి వేస్తే కింది ట్రేలోకి జారిపోతోంది, యంత్రం కదలదు. నాణెం దారి వంచి సరిచేస్తానంటున్నాడు మెకానిక్. చేయించమంటారా? (పాలకొల్లు)

జవాబు: వద్దండి. ముందు నాణెం మార్చి చూడండి. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి 25 మి.మీ. వెడల్పు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రకం 22 మి.మీ.కి, 2019 రకం 20 మి.మీ.కి తగ్గాయి. పెద్ద నాణేనికి కట్టిన దారిలో ఇవి మీటను తాకకుండానే పడిపోతాయి. 2011 రకం రెండు రూపాయల బిళ్ల మాత్రం సరిగ్గా 25 మి.మీ., 4.85 గ్రాములే. అది వేసి చూడండి.

నాణెం మధ్యలో ఆగిపోతే కథ వేరు. 1992కి ముందు యంత్రమైతే, ఇనుప వాషర్లు వేసేవాళ్లను ఆపడానికి దారి పక్కన చిన్న అయస్కాంతం ఉండొచ్చు. అప్పటి కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) రూపాయి దానికి అంటుకోదు, స్టీలు రూపాయి అంటుకుంటుంది. అయస్కాంతం పీకెయ్యకండి. పాత నాణేలు అమ్మేవాళ్ల దగ్గర 1983-91 మధ్య రూపాయలు ఓ పది కొని ఉంచుకోండి. ఆ 26 మి.మీ., 6 గ్రాముల బిళ్లే దానికి సరిపోయేది.

సరైన నాణెమూ ఇరుక్కుంటే అది మురికే. దారిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి పొడిగా వదిలేయండి, అక్కడ నూనె చుక్క పడకూడదు. మీట ఇరుసుకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. కోనసీమలో తుప్పంటే ముందు కొబ్బరినూనె సీసా వెతుకుతారు. నెలల్లో అది జిగురై దుమ్ము పట్టి మీటను బిగించేస్తుంది. నాణెం వేసే కంత చుట్టూ ఉన్న ఇత్తడి బిళ్లకు చింతపండు కూడా పెట్టకండి. చెక్కిన అక్షరాల్లో పులుపు మిగిలి పచ్చగా చిలుం పడుతుంది.

ప్రశ్న: వానాకాలం వచ్చిందంటే టికెట్టు సగం వచ్చి ఆగిపోతుంది. (నరసాపురం)

జవాబు: టికెట్టు అట్టల దొంతరలో అడుగున ఉన్న ఒక్క అట్టను స్లైడు (జారే పలక) ముందుకు తోస్తుంది. అది బయటికొచ్చే సందు ఒక్క అట్ట మందమే. చెమ్మకు ఉబ్బిన అట్ట అక్కడ మడత పడుతుంది. సందు పెద్దది చేస్తే రెండేసి వస్తాయి, ఆ పని చేయకండి. జూన్ నుంచి దొంతర సగమే నింపండి, మిగతావి చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో ఉంచండి. కొత్తవి కత్తిరించేటప్పుడు ప్రెస్సువాళ్లకు కొలతలు చెప్పడం కాదు, పాత అట్టే చేతికివ్వండి. అంచున చిన్న పొర లేచినా ఇరుక్కుంటుంది.

ప్రశ్న: మనిషి ఎక్కడ నిలబడితే అక్కడో బరువు చూపిస్తోంది. (కాకినాడ)

జవాబు: 20 కిలోల తూకపు రాయిని పలక నాలుగు మూలలా పెట్టి చూడండి. ఏ మూల తేడా వస్తే ఆ మూల కింద తూకపు కడ్డీని మోసే ఉక్కు అంచు గాడి తప్పింది, లేదా తుప్పు తింది. పలక ఎత్తి, అంచును గాడిలో కూర్చోబెట్టండి. ఇక్కడా నూనె వద్దు. అరిగిన అంచును ఆకురాయితో పదును పెట్టించకండి, నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: బాగుచేశాక షాపు ముందు పెట్టుకోవచ్చా? (అమలాపురం)

జవాబు: డబ్బు తీసుకుని బరువు చూపిస్తే తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. అంతకంటే ముందు వైర్లు: పాత రబ్బరు తొడుగు ఎండి పగిలి ఉంటుంది, మొత్తం మార్పించండి. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి యంత్రం ఇనుప ఒంటికి ఎర్త్ కలపండి. తడికాళ్లతో ఎక్కేది ఇనుప పలక మీదికి కదా.